గొంతు పెగలట్లేదా? నెపం ఘాటు మీదకి నెట్టకండి

గుంటూరు మిర్చి యార్డులో గొంతు బాగోలేదని చెబితే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. సీజన్ మొదలైతే టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, దిగుతూనే ఉంటాయి, ఘాటు గాల్లోనే తిరుగుతుంటుంది, తుమ్మేవాళ్లు తుమ్ముతుంటారు, దగ్గేవాళ్లు దగ్గుతుంటారు. అక్కడ నాదొక చిన్న కమీషన్ కొట్టు. పొద్దున బేరాలు, మధ్యాహ్నం కాటాలు, సాయంత్రం రైతులకి ఫోన్లు. అన్నీ నోటితో నడిచే పనులే. అలాంటిది నలభై రెండో ఏట గొంతు పట్టేయడం మొదలైంది. బొంగురు కాదు. మాట సగంలో ఉండగా ఎవరో పీక నొక్కి వదిలినట్టు ఆగిపోయి, మళ్లీ వచ్చేది. ఓ పెద్దాయన ఫోన్‌లో నా మాట విని, "ఏంది షావుకారూ, ఏడుస్తన్నావా?" అన్నాడు. ఇంకోసారి ఆయన కాయలు పధ్నాలుగు వేల ఎనిమిది వందలకి పోతే, ఆ "ఎనిమిది" ఎంతకీ పెగలక, "తొమ్మిది వందలు" అనేశాను. క్వింటాకి వంద నా జేబులోంచి పోయింది.

"ఘాటు పట్టిందిలే" అన్నారు అందరూ. నేనూ అదే నమ్మాను. కాదని తేలడానికి మూడేళ్లు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, ఏం పట్టుకెళ్లాలో, ఏం అడగాలో మాత్రం చెప్పగలను.

మందు కంటే ముందు ఫోన్ తీయండి

గొంతుకి ఒక దుర్గుణం ఉంది. డాక్టరు ముందు కూర్చోగానే బుద్ధిగా పలుకుతుంది. బయటికొచ్చి ఆటో ఎక్కగానే మళ్లీ మొదలు. అందుకని వారం రోజులపాటు ఫోన్‌లో రికార్డు చేయండి. పొద్దున లేవగానే ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. ప్రతిసారీ అవే మాటలు అనాలి, లేకపోతే పోల్చి చూసుకోవడానికి ఉండదు.

నేను మూడు ముక్కలు పెట్టుకున్నాను. మొదటిది, ఎనభై నుంచి ఎనభై తొమ్మిది దాకా లెక్క. రెండోది, "కాకీక కాకికి కాక కేకికా" అని చిన్నప్పుడు బళ్లో నవ్వుకుంటూ అప్పజెప్పిన మాట. మూడోది, ఒక్క ఊపిరిలో "ఆ" అని ఎంతసేపు లాగగలనో. పెద్దవాళ్లకి ఇది మామూలుగా పదిహేను సెకన్లు దాటుతుంది. పదికి ముందే గాలి అయిపోతుంటే ఆ సంగతి రాసుకోండి.

మొదటి రెండూ ఊరికే పెట్టలేదు. ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది అనేటప్పుడు గొంతులోని స్వరతంతులు, అంటే డాక్టర్లు వోకల్ కార్డ్స్ అనేవి, దాదాపు ఎడతెరిపి లేకుండా కలిసి మోగుతూ ఉండాలి. కాకి మాటలో ప్రతి "క" దగ్గరా అవి విడిపోయి మళ్లీ కలవాలి. కొందరికి మొదటిది చిక్కు, కొందరికి రెండోది. నాకు ఎనభై ఎనిమిది ఎక్కలేని కొండ. కాకి మాత్రం హాయిగా ఎగిరిపోయేది. ఆ తేడాకి అర్థమేంటో అప్పుడు నాకు తెలియదు. చివరికి రోగాన్ని పట్టించింది ఆ రికార్డింగే.

ఇంకో నాలుగు సంగతులు కాగితం మీద పెట్టండి: ఏ రోజు మొదలైంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, ఫోన్‌లో మాట్లాడితే పెరుగుతోందా, నవ్వినప్పుడూ పాడినప్పుడూ గుసగుసలాడినప్పుడూ గొంతు బాగుంటోందా. ఈ చివరిది చాలామంది చెప్పరు, డాక్టర్లు కూడా అందరూ అడగరు.

నాలుగు వారాల లెక్క

జలుబు చేసి గొంతు పోతే అది చాలావరకు వైరస్ పని. తంతులు వాస్తాయి, వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో వాటంతట అవే సర్దుకుంటాయి. యాంటీబయాటిక్‌తో పనిలేదు. మందుల షాపులో అడిగితే ఇస్తారు కాబట్టి మీరే అడక్కండి.

నాలుగు వారాలు దాటినా గొంతు దారికి రాకపోతే కారణం ఏదనుకున్నా సరే, తంతుల్ని కెమెరాతో చూపించుకోవాల్సిందే.

కొందరు ఆ నాలుగు వారాలు కూడా ఆగకూడదు. ఊపిరి పీలిస్తే కూత వస్తున్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, దగ్గితే రక్తం పడుతున్నవాళ్లు, మింగడం కష్టమవుతున్నవాళ్లు, మెడలో గడ్డ తగులుతున్నవాళ్లు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవాళ్లు. థైరాయిడ్, మెడ, గుండె ఆపరేషన్ తర్వాత గొంతు మారినవాళ్లు. ఉన్నట్టుండి మాట పోయి, మూతి వంకరపోవడమో చెయ్యి లేవకపోవడమో ఉంటే అది గొంతు జబ్బు కాదు, పక్షవాతం కావచ్చు. అప్పుడు చేయాల్సింది 108కి ఫోన్.

చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మా వైపు పెద్దవాళ్ల బొంగురు గొంతుని "చుట్ట గొంతు" అని ముద్దుగా వదిలేస్తారు. స్వరతంతుల మీద పుట్టే క్యాన్సర్ తొలి దశలోనే గొంతు మార్చేసి తన ఉనికి చాటుకుంటుంది. అప్పుడే దొరికితే రేడియేషన్‌తోనో లేజర్‌తోనో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ముద్దుగా వదిలేస్తే మెడలోకి పాకుతుంది. మీ ఇంట్లో తాతయ్య గొంతు నెలగా మారి ఉంటే రేపే తీసుకెళ్లండి.

మిరియాల పాలు ఎక్కడిదాకా వెళ్తాయి?

గొంతు పోయిందంటే ఇంట్లో మొదలయ్యేది మిరియాల పాలు, అతిమధురం, కరక్కాయ ముక్క, తేనె. నేనూ అన్నీ తిన్నాను. గరగరకి హాయిగా ఉంటాయి, కాదనను. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి: మింగినది ఏదీ స్వరతంతుల్ని తాకదు. అన్నం దారి వేరు, గాలి దారి వేరు. మింగేటప్పుడు గాలి దారి మూసుకుంటుంది. పొరపాటున ఒక్క చుక్క అటు జారితే ఏమవుతుందో మీకు తెలుసు, పొలమారుతుంది. "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నెత్తిన తడతారు. పొలమారకుండా దిగిపోయిందంటే ఆ మందు తంతుల దాకా వెళ్లలేదన్నమాటే.

తాగిన నీళ్లు ఒంటికి పట్టి, ఆ తర్వాత తంతులకి చేరతాయి. కాబట్టి గొంతు ఎండినప్పుడే కాకుండా రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. నేరుగా తంతుల్ని తాకేది ఆవిరి ఒక్కటే. వట్టి వేడినీళ్ల ఆవిరి చాలు. ఘాటు బామ్‌లు వేయకండి, మండిన చోట మళ్లీ మంట దేనికి?

ఇంట్లో చేయగలిగిన అసలు వైద్యం మానేయడాల్లో ఉంది. గొంతు సవరించుకోవడం మానాలి. ఖళ్లుమన్న ప్రతిసారీ రెండు తంతులూ ఒకదానికొకటి మొట్టుకుంటాయి. సవరించుకోవాలనిపించినప్పుడు ఒక గుక్క నీళ్లు మింగండి. "గొంతుకి రెస్టు" అని గుసగుసగా మాట్లాడేవాళ్లున్నారు, అది రెస్టు కాదు, బిగబట్టిన గుసగుసకి కండరాలు ఇంకా శ్రమపడతాయి. మాట్లాడితే మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడండి, లేదంటే మౌనం. యార్డు ఈ చివర నుంచి ముఠా మేస్త్రీని కేకేయకుండా చప్పట్లు కొట్టండి, లేదా నడిచి వెళ్లండి. కొట్టు కట్టేసి పది గంటలకి భోంచేసి వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు పెట్టండి.

ఘాటు పూర్తిగా నిర్దోషి అని కూడా అనను. మిరపలోని క్యాప్సైసిన్ దగ్గు పుట్టిస్తుంది, ఆ దగ్గు తంతుల్ని కొడుతుంది. మాస్కు కట్టుకోండి. అయితే ఘాటు వల్ల వచ్చినది యార్డు సెలవుల్లో తగ్గాలి కదా? నాది తగ్గలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

కెమెరా దగ్గర ఏం అడగాలి

చూపించుకోవాల్సింది ఈఎన్‌టీ డాక్టరుకి. గుంటూరువాళ్లకి జనరల్ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు కావాలంటే కొత్తపేట ఉంది. బెజవాడవాళ్లకి ప్రభుత్వాసుపత్రి, లేదంటే సూర్యారావుపేట. రెండు ఊళ్లకీ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి, "గొంతులోకి కెమెరా వేసి చూస్తారా? స్ట్రోబోస్కోపీ ఉందా?" అని అడగండి. నోరు తెరిపించి టార్చి వేస్తే కనబడేది కొండనాలుక, టాన్సిల్స్. స్వరతంతులు నాలుక వెనక, ఇంకా కిందికి ఉంటాయి. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు పళ్ల డాక్టరు అద్దం గొంతులో పెట్టుకుని, ఎండ వెలుగుని దాని మీదకి మళ్లించి తన తంతుల్ని తానే చూసుకున్నాడు. నూట డెబ్భై ఏళ్ల కిందటే అద్దంతో కుదిరినప్పుడు ఇప్పుడు చూడకుండా మాత్రలు రాయించుకోవడం దేనికి?

పరీక్షకి భయపడకండి. నాకు ముక్కులో చేదుగా ఉండే స్ప్రే కొట్టారు. ఐదు నిమిషాలకి ముక్కూ గొంతూ మొద్దుబారి, ఉమ్ము మింగుతుంటే ఎవరిదో గొంతులా అనిపించింది. తర్వాత సేమియా కంటే కాస్త లావుగా, నల్లటి గొట్టం ఒకటి ముక్కులోంచి పోనిచ్చారు. నొప్పి లేదు, లోపల ఏదో పాకుతున్న ఇబ్బంది, కళ్లలో నీళ్లు. తెర మీద చూస్తే తిరగేసిన వి ఆకారంలో రెండు తెల్లని రిబ్బన్లు. "ఈ అనండి" అంటే దగ్గరికొచ్చి కలిశాయి, ఊపిరి తీస్తే విడిపోయాయి. నలభై ఏళ్లుగా అరిచి బతికిన సరంజామా అంతా కలిపి నా చిటికెన వేలి కొసంత. మగవాళ్లు మామూలుగా మాట్లాడుతుంటే అవి సెకనుకి నూటపాతిక సార్ల దాకా కొట్టుకుంటాయి, ఆడవాళ్లలో రెండొందల దాకా. కంటికి ఆనవు కాబట్టి మిణుకుమిణుకుమనే లైటు వేసి నెమ్మదిగా కదులుతున్నట్టు చూపిస్తారు, అదే స్ట్రోబోస్కోపీ. స్ప్రే మత్తు దిగేదాకా, సుమారు గంటసేపు, ఏమీ తినకండి, తాగకండి.

"ఈ" ఒక్కటీ అనిపించి గొట్టం తీసేస్తుంటే, దయచేసి ఆపి, "సార్, ఓ నాలుగు మాటలు కూడా మాట్లాడిస్తారా?" అనండి. నా విషయంలో మొదటిసారి జరిగిన తప్పు ఇదే. "ఈ" బాగానే వచ్చింది, తంతులు శుభ్రంగా ఉన్నాయి, "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అని పంపేశారు. నేను టెన్షన్ తగ్గించుకునే ప్రయత్నంలో ఇంకో ఏడాదిన్నర టెన్షన్ పడ్డాను.

ఏం కనబడితే ఏంటి

రెండు తంతుల మీదా ఎదురెదురుగా కాయ కాసినట్టు చిన్న బుడిపెలుంటే నాడ్యూల్స్. పనిచేసేవాడి అరచేతికి కాయలు కాసినట్టే, అరిచేవాడి తంతులకి కాస్తాయి. టీచర్లు, పాటగాళ్లు, అల్లరి పిల్లలు. విజయవాడ ఇంటర్ కాలేజీల్లో ఫ్యాన్ల హోరు మీద రోజుకి ఆరు క్లాసులు చెప్పే లెక్చరర్లు ఇది చదివి ఒకసారి గొంతు తడుముకోండి. వీటికి ముందు స్పీచ్ థెరపీ, కత్తి కాదు. అదే ఒకవైపు నీటిబుగ్గలా వేలాడితే పాలిప్, దానికి తరచుగా చిన్న ఆపరేషన్ కావాలి.

ఒక తంతు కదలకుండా పడుకుని ఉంటే దాని నరం దెబ్బతిన్నట్టు. ఎడమ నరం విచిత్రంగా ఛాతీలోకి దిగి, గుండె పైన పెద్ద రక్తనాళాన్ని చుట్టి మళ్లీ గొంతుకి ఎక్కుతుంది. అందుకే గొంతు కోసం వెళ్తే ఛాతీకి స్కాన్ రాస్తారు, డబ్బుల కోసం అనుకోకండి. కొన్ని నెలల్లో నరం కోలుకోవచ్చు, కోలుకోకపోతే ఆ తంతుని మధ్యకి జరిపే మార్గాలున్నాయి.

పదహారేళ్లు దాటినా అబ్బాయి గొంతు సన్నగానే ఉందంటే కాలేజీలో ఏడిపించి చంపుతారు. మిగతా ఎదుగుదల మామూలుగా ఉంటే చాలావరకు అది గొంతు కొత్త స్థాయికి దిగడం నేర్చుకోకపోవడమే, కొద్ది సిట్టింగుల్లో దారికొస్తుంది. పెద్దాయన గొంతు రోజురోజుకీ పీలగా మారి, నడక నెమ్మదించి, చెయ్యి వణుకుతుంటే న్యూరాలజిస్టుకి చూపించండి, పార్కిన్సన్ కావచ్చు.

తంతులు చూడ్డానికి బాగానే ఉండి మాట మాత్రం తెగుతుంటే రెండు దారులు. ఒకటి, మెడ కండరాలు బిగబట్టి మాట్లాడే అలవాటు. థెరపీకి లొంగుతుంది. రెండోది నాది: స్పాస్మోడిక్ డిస్ఫోనియా. తంతుల్ని కదిపే మెదడు ఆదేశాల్లో తేడా. రాయబోతే చేయి కొంకర్లు పోయేవాళ్లుంటారు చూశారా, అలా మాట్లాడబోతే తంతులు కొంకర్లు పోతాయి. మూసుకుపోయే రకంలో ఎనభైలు తెగుతాయి, తెరుచుకుపోయే రకంలో కాకి గాలిలో కలిసిపోతుంది. నవ్వు, గుసగుస తరచుగా బాగానే వస్తాయి కాబట్టి చూసేవాళ్లకి నటనలా ఉంటుంది. 1871లో ట్రౌబె అనే జర్మన్ డాక్టరు దీన్ని మొదట వర్ణించినప్పుడు కూడా మానసిక సమస్య లెక్కలోనే వేశారు. నా రికార్డింగు రెండు నిమిషాలు విని, "మీకు ఎనిమిది అంటే భయమా?" అని నవ్వింది ఒక స్పీచ్ థెరపిస్టు. మూడేళ్లలో నా మాటని మాటగా విన్న మొదటి మనిషి ఆ అమ్మాయే.

బొండాం స్ట్రాతో ఒక పని

స్పీచ్ థెరపీ అంటే మాటలు రాని పిల్లలకే అనుకుంటారు. గొంతుకీ అదే. వెళ్లేముందు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. నాలుగేళ్ల డిగ్రీ చదివినవాళ్లకీ, బోర్డు పెట్టినవాళ్లకీ తేడా ఉంది.

అందరికీ అపాయం లేని అభ్యాసం ఒకటి చెబుతాను. గ్లాసులో సగం నీళ్లు పోసి, కొబ్బరిబొండాం స్ట్రా రెండు వేళ్ల లోతు ముంచండి. పెదాలు స్ట్రా చుట్టూ మూసి "ఊ" అంటూ గాలి వదలండి. బుడగలు తెగకుండా రావాలి, బుగ్గలు వదులుగా ఉండాలి, ముక్కులోంచి గాలి పోకూడదు. గొంతు మీద వేలు పెడితే సన్నగా వణుకు తెలియాలి. వణుకు లేదంటే మీరు ఊదుతున్నారంతే. కుదిరాక ఆ "ఊ"ని మెల్లగా పైకీ కిందకీ జార్చండి. రెండు మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. నీళ్ల ఎదురొత్తిడి వల్ల తంతులు ఢీకొనకుండా తేలిగ్గా కలుస్తాయి. లెక్చరర్లు క్లాసుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేస్తే మంచిది. నొప్పి వస్తే ఆపండి. నా జబ్బుని ఇది తగ్గించదు, బిగింపు కాస్త సడలిస్తుంది.

ఈలోగా బతకాలి కదా

నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, చెవికి తగిలించుకునే మైకు కొనుక్కోండి. టీచర్లు వాడేదే. మొదటి రోజు యార్డులో నన్ను చూసి ఐస్‌క్రీమ్ బండివాడిలా ఉన్నానని నవ్వారు, వారానికి మరిచిపోయారు. ఫోన్ ఎత్తగానే "నా గొంతే ఇంత, ఒళ్లు బాగానే ఉంది, చెప్పండి" అనేయండి. దాచిపెట్టి మాట్లాడితే గొంతు ఇంకా బిగుస్తుంది. రేట్లు కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను, వంద రూపాయల నష్టం ఆగింది. బెజవాడ బస్టాండులో దిగితే వెళ్లాల్సిన చోటుని ఫోన్‌లో పెద్ద అక్షరాలతో ఆటో అతనికి చూపిస్తాను. బేరం వేళ్లతో ఆడతాను, నిజానికి నోటికంటే వేళ్లకే తక్కువకి వస్తున్నాడు.

ఇంట్లోవాళ్లకి రెండు మాటలు. టీవీ ఆపండి. మాట మధ్యలో ఆగితే మీరు పూర్తిచేయకండి.

స్వరపేటిక తీసేయాల్సి వచ్చి శాశ్వతంగా మాట పోయినవాళ్లు 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తారు. వైకల్యం నలభై శాతానికి తగ్గకపోతే పైచదువుల్లో చట్టం ఇచ్చే రిజర్వేషన్‌కి అర్హత ఉంటుంది. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌కి పెట్టుకోండి, అడగడానికి మొహమాటపడకండి.

నా రకానికి ఇంజక్షన్, దాని తారీఖు

స్పాస్మోడిక్ డిస్ఫోనియాకి బొటాక్స్ వేస్తారు. అందాలకి వాడేదే, చాలా కొద్ది మోతాదులో, మెడ ముందు చర్మంలోంచి తంతు కండరంలోకి. నేను హైదరాబాదు వెళ్లి వేయించుకుంటున్నాను. రెండు మూడు రోజులకి పని మొదలవుతుంది. మొదటి ఒకటి రెండు వారాలు గొంతు గాలిగాలిగా ఉంటుంది, నీళ్లు గటగటా తాగితే పొలమారుతుంది. గడ్డం కిందికి వంచి చిన్న గుక్కలు వేయాలి. తర్వాత మూడు నాలుగు నెలలు మామూలు మనిషిలా మాట్లాడొచ్చు. తర్వాత మళ్లీ వేయించుకోవాలి. జబ్బు పోదు, వాయిదా పడుతుంది.

కాబట్టి తారీఖు మీ పనిని బట్టి పెట్టించుకోండి. లెక్చరర్లయితే సెలవుల మొదట్లో. నాకు జనవరి మొదటి వారం. సంక్రాంతికి చుట్టాల మధ్య మూగనోము పడతాను, మా ఆవిడ "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నెత్తిన తడుతుంటుంది. కొత్త కాయ జోరుగా దిగేనాటికి గొంతు తేరుకుంటుంది. మళ్లీ ఎనిమిది దగ్గర తడబడేసరికి మే వస్తుంది, యార్డుకి ఎండాకాలం సెలవులు ఇస్తారు. రెండో ఇంజక్షన్ అప్పుడు. కొట్టు డైరీలో కాటా లెక్కల పక్కనే రాసుకుంటాను: ఫలానా రోజు వేశారు, ఎన్నో రోజున "ఎనభై ఎనిమిది" మొదటిసారి తెగింది. వచ్చేసారి మోతాదు ఎంతో డాక్టరు ఆ పేజీ చూసే తేలుస్తాడు.